వరంగా ఇచ్చే దయ చాలదు

2019 డిసెంబరు 1న హైదరాబాద్ ప్రగతి భవన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఆర్టీసీ కార్మికులతో కలిసి భోజనం చేశారు. డిపోకు ఐదుగురు చొప్పున పిలిపించి వారి కష్టసుఖాలు విన్నారు. మహిళా ఉద్యోగుల డ్యూటీలు రాత్రి 8 గంటలకల్లా ముగించాలని ఆదేశించారు. పదవీ విరమణ వయసును 60 ఏళ్లకు పెంచుతామని, సమ్మె కాలానికి కూడా జీతం చెల్లిస్తామని చెప్పారు. అదే సంవత్సరం అక్టోబరు 5న సమ్మెకు దిగిన దాదాపు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని, ‘సెల్ఫ్ డిస్మిస్’ అయినట్టేనని ప్రకటించిందీ ఆయనే. సెప్టెంబరు జీతం చేతికి రాక, ఉద్యోగం ఉందో ఊడిందో తెలియక 52 రోజులు గడిపిన ఆ కుటుంబాల్లో బలవన్మరణాలు సంభవించాయి. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని కన్నుమూశారు.

విందునాటి మాటల్లో నిజాయతీ లేదని మేము అనడం లేదు. కానీ రాత్రి పొద్దుపోయాక డ్యూటీ దిగిన మహిళా కండక్టరు ఇల్లు చేరేదెలా అన్న ప్రశ్న ఆ ఏడాది కొత్తగా పుట్టింది కాదు. డ్యూటీ చార్టు వేసే ప్రతి ఒక్కరికీ అది తెలుసు. తెలిసినవారికి మార్చే అధికారం లేదు, అధికారం ఉన్నవారి దాకా ఆ మాట చేరలేదు. చివరకు ఒక పెద్ద సమ్మె, కొన్ని చావులు, ఒక విందు కలిస్తే తప్ప ఆ మార్పు రాలేదు. పైగా ఆ వరాలు కురిపించిన రోజుల్లోనే రెండేళ్ల పాటు యూనియన్లు వద్దని కూడా చెప్పారు. అంటే దయ చూపారు గానీ, రేపు దాన్ని అడిగి తీసుకునే దారి మూసేశారు. పనిచేసే చోట కరుణ గురించి ఇవాళ జరుగుతున్న చర్చలో ఈ తేడాను ఎక్కువమంది పట్టించుకోవడం లేదు.

ఈ చర్చలో తరచూ వినిపించే భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) అన్న భావనను 1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ ప్రతిపాదించగా, 1995 తర్వాత రచయిత డేనియల్ గోల్‌మన్ దాన్ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చారు. తన కోపం తనను ఎటు లాగుతోందో నిర్ణయానికి ముందే గమనించుకోవడం, ఎదుటివారి స్థితిని వారు చెప్పకముందే పసిగట్టడం, ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకుని నడచుకోవడం దాని సారాంశం. మెత్తగా మాట్లాడటమే భావోద్వేగ ప్రజ్ఞ అనుకోవడం పొరపాటు.

ఒక డిపోనే తీసుకుందాం. డ్రైవర్ల కేఎంపీఎల్, అంటే లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క, పనితీరుకు ప్రధాన కొలత. ఒక డ్రైవరు లెక్క నెల రోజులుగా పడిపోతోందనుకుందాం. మెమో ఇవ్వడం అన్నిటికంటే సులువు. ఫైలుకూ అదే క్షేమం. అలా కాక అతన్ని లోపలికి పిలిచి, ఆ రూట్లో రోడ్డు పనులేమైనా సాగుతున్నాయా, బండి క్లచ్ ఎలా ఉంది, ఇంట్లో అందరూ బాగున్నారా, నిద్ర సరిగా పడుతోందా అని అడిగే మేనేజరు కూడా ఉంటారు. ఆ సంభాషణకు పట్టేది పది నిమిషాలు. బండిలో లోపముంటే గ్యారేజీకి వెళుతుంది, మనిషికి ఇబ్బంది ఉంటే డ్యూటీ మారుతుంది, నిర్లక్ష్యమే కారణమైతే మెమో అప్పుడూ ఇవ్వవచ్చు. మొదటి పద్ధతిలో అసలు కారణం బయటపడే అవకాశమే లేదు. నిద్రలేని డ్రైవరు చేతిలో యాభై మంది ప్రాణాలు ఉంటాయి గనుక, ఈ పది నిమిషాలను ఔదార్యంగా కాక విధిగా చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. కిక్కిరిసిన బస్సులో గుర్తింపు కార్డులు చూస్తూ జీరో టికెట్లు కొట్టే కండక్టరుకు రోజూ ఎదురయ్యే మాటలు ఏ లెక్కలోకీ ఎక్కవు. వాటిని వినే బాధ్యత కూడా ఫలానా వారిదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఏసీ గదుల్లోని ఉద్యోగాలది మరో తీరు. అక్కడ కేకలు వేసేవారు తక్కువ. సెలవు మంజూరవుతుంది, దాని కిందనే ‘అవసరమైతే ఫోన్‌లో అందుబాటులో ఉండండి’ అన్న వాక్యం కూడా వస్తుంది. తండ్రిని ఆసుపత్రిలో చేర్చిన మనిషి ఐసీయూ బయట కుర్చీలో ల్యాప్‌టాప్ తెరుస్తాడు. వారానికి 70 గంటలు పనిచేయాలని ఒక పారిశ్రామికవేత్త 2023లో అన్నారు, 90 గంటలని మరొక సంస్థ అధిపతి 2025లో అన్నారు. ఇంట్లో ఉండి భార్యను ఎంతసేపని చూస్తూ కూర్చుంటారన్న ఎద్దేవా అదనం. ఆ ఏడాదే రెండు తెలుగు రాష్ట్రాలూ రోజు పని పరిమితిని 10 గంటలకు పెంచాయి. తెలంగాణ ఉత్తర్వు వారానికి 48 గంటలు దాటరాదంటోంది. కాగితం మీది ఆ 48 గంటలకూ, ఉద్యోగి నిజంగా గడిపే గంటలకూ మధ్య నిలబడేది టీమ్ లీడరే. అతనికి కరుణ ఉన్నా గడువును జరిపే అధికారం లేకపోతే, ఆ కరుణ ఓదార్పు మాటల దగ్గరే ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన 2014లోనే, జీతం పెంపు అడగకుండా వ్యవస్థను నమ్ముకోవాలని మహిళా సాంకేతిక నిపుణుల సభలో అన్నారు. విమర్శలు రాగానే అదే రోజు తన జవాబు పూర్తిగా తప్పని ఉద్యోగులకు లేఖ రాశారు. నాయకుడు అంత త్వరగా వెనక్కి తగ్గడం అభినందించదగిన విషయం. అదే సంస్థ 2025 మే, జూలై నెలల్లో వేలాది మందిని తొలగించినప్పుడూ ఆ భారం తన మనసుపై ఉందని ఆయన రాశారు. ఉద్యోగం పోయినవారికి ఆ వాక్యం కంటే ఎన్ని రోజుల ముందు చెప్పారు, ఎన్ని నెలల జీతం ఇచ్చారు అన్నవే ముఖ్యం.

దయ చూపితే క్రమశిక్షణ పోతుందన్న వాదన ప్రతి కార్యాలయంలోనూ వినిపిస్తుంది. ఏడాది పొడవునా లోపం చెప్పకుండా నవ్వుతూ తిరిగి, అప్రైజల్ రోజున తక్కువ రేటింగ్ చేతిలో పెట్టే మేనేజరు దయాళువు కాడు. ఇబ్బందికరమైన మాట చెప్పలేక తప్పించుకున్నవాడు. సకాలంలో, ఏకాంతంలో, దిద్దుకునే వ్యవధితో చెప్పిన కఠినమైన మాటకు ఎంతో విలువ ఉంది.

అందువల్ల ఒక పూట శిక్షణ తరగతి పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. డిపో మేనేజరు పనితీరును ఆదాయంతో, డీజిలు లెక్కతో కొలిచేటప్పుడు, ఆయన కింద ఎన్ని డబుల్ డ్యూటీలు పడ్డాయి, అడిగిన సెలవుల్లో ఎన్ని తిరస్కరించారు, ఎంతమంది బదిలీ కోరుకున్నారు అన్నవీ చూడాలి. ఐటీ సంస్థలు టీమ్ లీడర్ల విషయంలో ఇదే చేయవచ్చు. ఆ సమాచారమంతా వారి కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. 10 గంటలకు అనుమతించిన ప్రభుత్వాలు 48 గంటల పరిమితి ఎక్కడెక్కడ దాటిందో తనిఖీ చేసి, ఆ వివరాలను ఏటా శాసనసభ ముందు పెట్టాలి.