ముల్లంగుల రాత్రిని మరిచారు!

డిసెంబర్ 17 నుంచి 23 దాకా వచ్చే వింత దినాల మీద వ్యాసం సరదాగా ఉంది. కాకపోతే తినుబండారాల పేరుతో పుట్టుకొచ్చిన రోజులకే సగం చోటు పోయింది. వాటిలో చాలావాటికి వెనక కథంటూ ఏమీ ఉండదు, అమ్ముకోవడానికే.

అసలైనది వదిలేశారు. మెక్సికోలోని వహాకా నగరంలో ఏటా డిసెంబర్ 23న ముల్లంగుల రాత్రి జరుపుతారు. 1897 నుంచి పోటీగా నడుస్తోంది. ఇందుకోసమే ప్రత్యేకంగా పెంచిన పెద్ద పెద్ద ముల్లంగుల్ని చెక్కి మనుషులు, జంతువులు, క్రీస్తు జనన ఘట్టం లాంటి బొమ్మలు చేస్తారు. చెక్కిన ముల్లంగి ఎంతోసేపు నిలవదు, వాడిపోతుంది. అందుకే మధ్యమధ్యలో నీళ్లు చల్లుతూ ఉంటారు. జనం గంటల తరబడి లైన్లో నిలబడి మరీ చూస్తారు!

21న పదకేళి (క్రాస్‌వర్డ్) దినం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 1913లో అదే తేదీన ఆర్థర్ విన్ తయారు చేసిన మొదటి పజిల్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. అది చతురస్రం కాదు, వజ్రం ఆకారం. పేరు కూడా అప్పుడు తిరగేసి, ‘వర్డ్-క్రాస్’. నాలాంటి పజిల్ పిచ్చోళ్లకి పండగంటే ఇదే.

17న రైట్ సోదరుల దినం మాత్రం బాగా రాశారు. 12 సెకన్లు, 120 అడుగులు, అంతే కదా ఆ మొదటి ఎగురుడు!