రన్‌వే కంటే ముందు పక్షుల లెక్క

మామునూరులో మళ్లీ విమానం దిగాలని ఓరుగల్లు జనం నలభై ఏళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు. నిజాం కాలం నాటి ఈ విమానాశ్రయంలో 1981 దాకా రాకపోకలు సాగాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక భూసేకరణ, పరిహారం, రన్‌వే పొడవు గురించి చాలా చర్చ నడిచింది. పక్షుల ఊసు మాత్రం అరుదుగానే వినిపించింది.

ఇది చిన్న విషయం కాదు. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో జెజు ఎయిర్ విమానం దిగబోతుండగా పక్షుల గుంపును ఢీకొంది. ఆ తర్వాత చక్రాలు తెరుచుకోకుండానే రన్‌వే మీద జారుతూ వెళ్లి, చివర ఉన్న కాంక్రీట్ కట్టడానికి గుద్దుకుంది. 179 మంది చనిపోయారు. రెండు ఇంజిన్లలోనూ వలస బాతుల ఈకలు దొరికాయి. వలస పక్షులు చేరే తడి నేలల పక్కనే ఉన్న విమానాశ్రయం అది.

మామునూరు చుట్టూ కూడా చెరువులు, వరి మళ్లే. పొలం దున్నే ట్రాక్టర్ వెంట తెల్లకొంగలు బారులు తీరడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. కోతలయ్యాక గింజల కోసం పావురాలు, గోరింకలు గుంపులుగా వాలతాయి. చలికాలంలో పాకాల వంటి పెద్ద చెరువులకు వలస బాతులు వస్తాయి. తీతువు పిట్టైతే నేల మీదే గుడ్లు పెడుతుంది, రాత్రిళ్లు కూడా తిరుగుతుంది. రన్‌వే పక్కన ఉండే ఖాళీ నేల దానికి అన్ని విధాలా అనువైన చోటు.

విమానాలను పక్షులు ఎక్కువగా ఢీకొనేది టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో, తక్కువ ఎత్తులోనే. అంటే గమనించాల్సిన ఆకాశం మన కంటికి అందేంత దూరంలోనే ఉంది. ఏ జాతి, ఏ నెలలో, ఏ గంటకు, ఎంత ఎత్తులో ఎగురుతుందో, దాని బరువెంతో రాసిపెట్టుకుంటే ముప్పు ఎప్పుడు ఎక్కువో ముందే తెలుస్తుంది. ఇజ్రాయెల్ వాయుసేన 1980ల నుంచి వలస దారులను రాడార్లతో, గ్లైడర్లతో మ్యాపుల్లోకి ఎక్కించి, ఆ వేళల్లో ఆ దారులకు తన విమానాలను దూరంగా ఉంచింది. అక్కడ ఢీకొనే ఘటనలు నాలుగింట మూడొంతుల దాకా తగ్గాయి.

పక్షి ప్రేమికులు తాము చూసిన పిట్టల వివరాలు రాసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లోని సమాచారం మనకు మంచి మొదలు. అయితే అదొక్కటే చాలదు. పక్షులు చూడడానికి వెళ్లేవారు ఎక్కువగా సెలవు రోజు పొద్దున్నే చెరువు గట్టు మీదికి వెళ్తారు. సాయంత్రం ఆరింటికి మామునూరు పొలాల మీదుగా గూళ్లకు మళ్లే కొంగలను లెక్కపెట్టేదెవరు? మ్యాపులో ఒక చోటు ఖాళీగా కనిపిస్తే అక్కడ పిట్టలు లేవని అర్థం కాదు, ఎవరూ చూడలేదనే అర్థం కావచ్చు. అందుకే రోజులో అన్ని వేళల్లో, వానాకాలం, యాసంగి పంటలు రెండూ కలిసొచ్చేలా ఏడాది పొడవునా లెక్క జరగాలి. కాకతీయ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విద్యార్థులు, అటవీ శాఖ సిబ్బంది, స్థానిక పక్షి ప్రేమికులు కలిస్తే ఇదేమీ అసాధ్యం కాదు. ఆ పొలాల్లో బతికే రైతులనూ అడగాలి. ఏ పిట్ట ఎప్పుడు ఎటు పోతుందో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

పక్షుల బెడద అనగానే చెరువులు పూడ్చాలనో, పటాకులు కాల్చాలనో అనేవారుంటారు. చెరువును ముట్టుకోవద్దు. పటాకుల మోతకు పక్షులు కొన్నాళ్లలోనే అలవాటు పడిపోతాయి. గడ్డి ఎత్తు, మురుగు కాలువల వాలు, విమానాల వేళలు మన చేతిలో ఉన్నవి. చెత్త కూడా అంతే. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయడాన్ని, పక్షులను రప్పించే చెత్త, మాంసం వ్యర్థాలు పారబోయడాన్ని 1937 నాటి విమానయాన నిబంధనలే నిషేధించాయి. మామునూరు నుంచి ఆ గీత గీస్తే రంగశాయిపేట, వరంగల్ కోట, రైల్వే స్టేషన్ అన్నీ లోపలికే వస్తాయి. నగరపాలక సంస్థ ఈ చెత్తను అరికట్టే పనిని విమానాలు మొదలయ్యేదాకా వాయిదా వేయకూడదు.

డ్రైనేజీ, ప్రహరీ, పచ్చిక డిజైన్లు ఖరారయ్యేలోపే పక్షుల లెక్క ఇంజినీర్ల చేతికి అందాలి. ఆ వివరాలను జనం ముందూ పెట్టాలి. ఈ బాధ్యత ఎవరిదో రాష్ట్ర ప్రభుత్వం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కూర్చుని ఇప్పుడే తేల్చాలని కోరుతున్నాం.