7 అడుగుల రాడ్ ఒక్కటి చాలన్న మెసేజ్ గురించి

"అమెరికా బాస్ చాంపియన్ల రహస్యం ఇదే! 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్ ఒక్కటి కొనండి, ఏ చెరువులోనైనా ఏ చేపైనా మీదే" అని ఒక మెసేజ్ వరంగల్ గాలం గ్రూపుల్లో తిరుగుతోంది. బావమరిది పంపాడు, హనుమకొండ దోస్తులు పంపారు, ఏళ్లుగా కొర్రమీను పడుతున్నవాళ్లూ పంపారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

బాస్ అంటే అమెరికాలో గాలానికి పట్టే ఒక చేప. ఆ చేప వరకు ఆ కొలత సరైనదే. తేట నీళ్లు, డ్రాప్ షాట్, నెడ్ రిగ్ లాంటి తేలికపాటి ఎర, 6 నుంచి 8 పౌండ్ల లీడర్ (ఎర దగ్గర కట్టే సన్న దారం) ఉన్నచోట మీడియం లైట్, ఫాస్ట్ రాడ్ (తక్కువ బలానికే, కొన దగ్గర వంగేది) చక్కగా పనిచేస్తుంది. మన కొర్రమీను ఉండేది గుర్రపు డెక్క కింద, తామరాకుల నడుమ. ఎర అందుకోగానే మళ్లీ ఆ గడ్డిలోకే దూరుతుంది. దాన్ని ఆపే బలం ఆ రాడ్‌కి లేదు. గట్టి దవడలో హుక్ సరిగా దిగదు. దిగినా లైన్ తెగి, చేప నోట్లో హుక్‌తోనే పోతుంది. గడ్డిలో ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) వేయాలంటే హెవీ రాడ్, 40-50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) కావాలి.

ఆ మెసేజ్ ప్రకారం రాడ్ పవర్, యాక్షన్ ఒకటేనట. కాదు. రాడ్ వంగడానికి ఎంత బలం కావాలో చెప్పేది పవర్, ఎక్కడ వంగుతుందో చెప్పేది యాక్షన్. కార్క్ పిడి ఉంటేనే చేప తాకినట్టు తెలుస్తుందట. ఫోమ్ పిడితోనూ తెలుస్తుంది.

అసలు కోపం నాలుగో పాయింటు మీద. "కార్బన్ లోహం కాదు కాబట్టి కరెంటు పారదు, తీగల కింద, వానలో నిశ్చింతగా వాడండి." ఇది రాసినవాడు టార్చి సెల్ పగలగొట్టి ఎప్పుడైనా చూశాడా? మధ్యలో కరెంటు మోసే నల్ల కడ్డీ కార్బనే! రాడ్‌లో ఉండే కార్బన్ ఫైబర్‌లోనూ కరెంటు పారుతుంది. చెరువు కట్టల వెంట, కాకతీయ కాలువ పక్కన మోటార్లకి పోయే 11 కేవీ తీగలు ఎంత కిందికి వేలాడతాయో మనకి తెలుసు. ఎర విసరడానికి చేయెత్తితే 7 అడుగుల రాడ్ కొన 13 అడుగుల ఎత్తుకి పోతుంది. తీగకి తగలనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. తడి లైన్‌నీ నమ్మొద్దు, తడిసిన ఫైబర్‌గ్లాస్ రాడ్‌నీ నమ్మొద్దు. లైన్ తీగల్లో చిక్కుకుంటే లాగకండి. పట్టుకున్నది వదిలేసి, దూరంగా వచ్చి కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఉరుము వినబడితే రాడ్ కింద పడేసి పక్కా ఇంట్లోకి పోండి, చెట్టు కిందకి కాదు. మీరు ఈ మెసేజ్ ఏయే గ్రూపులకి పంపారో వాటన్నింటిలో ఈ పాయింటు తప్పని ఇవాళే పెట్టండి. పిల్లలు చదువుతున్నారు.

ఒక్క సంగతి మాత్రం ఆ మెసేజ్‌లో బాగా చెప్పారు. ఎండాకాలంలో గడ్డి తగ్గి నీళ్లు తేటపడ్డ చోట చిన్న మెత్తటి పురుగు ఎరకి కూడా కొర్రమీను పడుతుందని రాశారు. నిజమే. ఫ్రాగ్‌ని పట్టించుకోని చేప కూడా మెల్లగా కదిలే పురుగుని అందుకుంటుంది. అలాంటి చోటికైతే మీడియం స్పిన్నింగ్ రాడ్, 20 పౌండ్ల బ్రెయిడ్ తీసుకెళ్లండి. విసిరే ముందు తలెత్తి చూసి, తీగలు లేని వైపు నిలబడండి.