మేకపోతా, మూడు పాయింట్లా?

మా ఫుట్‌బాల్ క్లబ్బు కార్యవర్గం మొన్న అత్యవసరంగా సమావేశమైంది. స్థలం ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న పర్లాకిమిడిలో బస్టాండు దగ్గర టీ బడ్డీ వెనక బల్ల. వచ్చినవాళ్ళం ఏడుగురం, తెప్పించిన టీలు నాలుగు. తేల్చాల్సిన విషయం ఒక్కటే. ఆదివారం మూడింటికి ఊళ్ళోనే లీగ్ మ్యాచ్ ఉంది. అదే ఆదివారం, అదే మూడింటికి, ఆర్.ఉదయగిరి వైపు కొండ మీద ఊళ్ళో కప్పు సెమీఫైనల్ ఉంది. లీగ్ అంటే సీజనంతా ఆడి గెలుపుకు మూడు పాయింట్ల చొప్పున పోగేసుకునేది, కప్పు అంటే ఓడితే ఇంటికే. మాకున్నది ఒకటే జట్టు. స్టడ్స్ ఉన్న బూట్లు తొమ్మిది జతలు, అందులో ఒక జతకి రెండూ ఎడమకాలివే.

నవ్వేవాళ్ళకు ఒక మనవి. ఇదే చిక్కు విప్పడానికి ఇంగ్లండులో కోట్ల పౌండ్ల జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. మేం నాలుగు టీలతో కూర్చున్నాం.

ముందు బహుమతుల సంగతి. లీగ్ గెలిస్తే షీల్డు, ఒడియాలో రాసిన సర్టిఫికెట్. కప్పు గెలిస్తే కప్పు ఇవ్వరు, మేకపోతునిస్తారు. ఖాసీ అంటారు ఒడియావాళ్ళు. ఫస్టు వచ్చినవాళ్ళకు పెద్దది, సెకండు వచ్చినవాళ్ళకు చిన్నది. మెడలో బంతిపూల దండ వేసి, ఆడేవాళ్ళందరికీ కనబడేలా మైదానం పక్కన చింతచెట్టుకు కడతారు. నిరుడు మా సెంటర్ ఫార్వర్డ్ పెనాల్టీ కొట్టడానికి పరుగెత్తుతుండగా అది ఒక్కసారి మే అంది. వీడు అటు చూశాడు. బంతి కూడా అటే వెళ్ళింది.

సెక్రటరీ బాబు రాత్రి రెండింటిదాకా మేలుకుని ఇంగ్లండు ఆటలు చూసే మనిషి. గొంతు సవరించుకుని, "ఇప్పుడు మనం ప్రాధాన్యం నిర్ణయించుకోవాల" అన్నాడు. ఆ మాట వినగానే ట్రెజరరు మొహం వాడిపోయింది. పెద్ద మాట పడిందంటే ఖర్చు పెద్దదే వస్తుందని ఆయన అనుభవం.

"మాంచెస్టర్ యునైటెడ్‌ని చూడండి. 1999లో ఒకే సీజన్లో మూడు ట్రోఫీలు కొట్టింది. మరుసటి సీజన్లో ఎఫ్.ఏ. కప్పు, అంటే ఇంగ్లండువాళ్ళ పాత కప్పు పోటీ, అసలు ఆడనే లేదు. కప్పు తమ దగ్గరే ఉన్నా సరే, బ్రెజిల్లో క్లబ్బుల ప్రపంచ పోటీ ఉంది, మాకు కుదరదని వెళ్ళిపోయింది."

"అది గెలిచిందా మరి?"

"గ్రూపు దశలోనే పోయింది. కానీ తిరిగొచ్చి లీగ్‌ని 18 పాయింట్ల తేడాతో కొట్టింది."

"అంటే ఎండలో తిరిగొస్తే లీగ్ వస్తుందా? మనమూ గోపాల్‌పూర్ బీచికి పోయొద్దాం మావా" అన్నాడు మా గోల్‌కీపరు.

సెక్రటరీ బాబు తొణకలేదు. లివర్‌పూల్‌ని తీశాడు. 2019 డిసెంబర్ 17న ఇంగ్లండులో లీగ్ కప్పు క్వార్టర్ ఫైనల్, 18న ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్. ఏం చేశారు? పెద్దవాళ్ళు ఖతార్ విమానమెక్కారు, సగటున ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లల్ని ఆస్టన్ విల్లా మీదికి పంపారు. పిల్లలు 5-0తో ఓడారు. పెద్దవాళ్ళు ఆ పోటీ గెలిచారు, ఆ సీజన్లో లీగ్ కూడా గెలిచారు. అక్కడ కూర్చున్న మాకు ఈ కథలో నచ్చిన ముక్క ఒక్కటే, ఒకే క్లబ్బు రెండు జట్లు పంపొచ్చు.

ఈ ప్రాధాన్యం అన్న మాట మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. గెలిచేవాడి నోట అది వినబడదు, వాడికి రెండూ కావాలి. ఒకటి చెయ్యి జారుతుండగా రెండోది ముఖ్యమని గుర్తొస్తుంది. మా మేనల్లుడు పదో తరగతిలో లెక్కలు తప్పి, "నా ప్రాధాన్యం సైన్సు" అన్నాడు. మా బావ చెప్పు తీశాడు. అదే మాట ఒక మేనేజరు మైకు ముందు అంటే దాన్ని వ్యూహమంటారు.

అలాగని ఎటు మొగ్గాలో తేలిగ్గా చెప్పలేం. విగాన్ అథ్లెటిక్ అని ఒక చిన్న క్లబ్బు. 2013 మే 11, శనివారం. వెంబ్లీలో ఎఫ్.ఏ. కప్పు ఫైనల్, ఎదురుగా మాంచెస్టర్ సిటీ. తొంభై నిమిషాలూ దాటాక బెన్ వాట్సన్ తలతో కొట్టిన గోలు, 1-0, కప్పు విగాన్‌ది. మంగళవారం ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి ఇంగ్లండులో అన్నిటికన్నా పై లీగైన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు జారిపోయారు. శనివారం ఊరేగింపు, మంగళవారం ఇల్లు జప్తు. ఒకే సీజన్లో ఆ కప్పూ గెలిచి కిందికీ పడ్డ క్లబ్బు అంతకుముందు లేదు. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో మెట్టుకూ టీవీ డబ్బు ఎంత పెరుగుతుందో తెలిసిన ఎకౌంటెంటు మంగళవారాన్ని తలుచుకుని ఏడుస్తాడు. నేను ఎకౌంటెంటుని కాను. నాకు శనివారం చాలు.

లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ కథ ఇంకా గమ్మత్తు. 2024-25 లీగ్‌లో 38 ఆటలకు 22 ఓడి 17వ స్థానంలో నిలిచారు. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజనే. కానీ 2025 మే 21న బిల్బావోలో, యూరప్ క్లబ్బులు ఆడే యూరోపా లీగ్ ఫైనల్ గెలిచారు. 2008 తర్వాత వాళ్ళకది మొదటి ట్రోఫీ. ఓడిపోయిందెవరు? అదే లీగ్‌లో 15వ స్థానంలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్. ఇద్దరు ఫెయిలైన పిల్లలు వక్తృత్వ పోటీ ఫైనల్‌కి వచ్చినట్టు! టాటెన్‌హామ్ మేనేజరు, అంటే మన కోచ్ లాంటివాడు, పోస్టెకోగ్లూ రెండో ఏడు కప్పు గెలవడం తనకు అలవాటేనని ముందే అని ఉన్నాడు, అన్నట్టే గెలిచాడు. పదహారు రోజులకు ఉద్యోగం ఊడింది.

"ఏటి, కప్పు గెలిస్తే ఉద్యోగం తీసేస్తారా?" అన్నాడు మా కోచ్ మెల్లగా. ఆయన బడిలో పీఈటీ, మా దగ్గర పని ఉచితమే. అయినా భయం భయమే.

"అది యూరోపా లీగ్ కదా. లీగ్ అంటే లీగే కదా?" అని ప్రెసిడెంటుగారికి ఇంకో సందేహం. పేరులో లీగ్ ఉన్నా చివరికి నాకౌటేనని సెక్రటరీ బాబు వివరించాడు. పాత బియ్యం సంచిలో కొత్త బియ్యం పోసి అమ్మినట్టన్నమాట అని పెద్దాయన తృప్తిపడ్డారు.

ఇంగ్లండువాడికి కప్పు ముందు పుట్టింది, 1871లో. లీగ్ 1888లో. అదే 1888లో సిమ్లాలో డ్యూరండ్ కప్పు మొదలైంది. మనకు దేశమంతటికీ కలిపి లీగ్ రావడానికి 1996 దాకా పట్టింది. దేశం మొత్తం మీద నూట ఎనిమిదేళ్ళు కప్పులతోనే బతికాం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది. లీగ్ కోసం మంచి ఆటగాళ్ళను దాచుకుందామని వాళ్ళెవరూ అనుకుని ఉండరు, దాచుకోవడానికి జాతీయ లీగ్ ఉంటే కదా! మా ఒడిశా ఎఫ్.సి. కూడా అంతే. 2022-23 లీగ్‌లో ఆరో స్థానం, ఏప్రిల్లో కోజికోడ్‌లో బెంగళూరును 2-1తో ఓడించి సూపర్ కప్పు. ఆ ఏడు ఆరో స్థానం గురించి మా ఊళ్ళో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

ఇక మా తీర్మానం. దీనికి కాస్త చరిత్ర చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న మా ఊరు కొత్తగా పుట్టిన ఒడిశాలోకి వచ్చింది. మహేంద్రతనయ అవతల పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ మాది రెండు పోటీల బతుకు. బడిలో, ఆఫీసులో, దరఖాస్తులో ఒడియా. అది లీగ్, వారం వారం ఆడాలి, పాయింట్లు పోతే కిందికి పడతాం. రాసే తెలుగు మాకు కప్పు, పెళ్ళి శుభలేఖలకూ దినం కార్డులకూ బయటికి తీస్తాం. తిట్లకు మాత్రం రెండూ వాడతాం, మొదటి విడత తెలుగులో.

అందుకే మా క్లబ్బుకు మొదట్నుంచీ రెండు రిజిస్టర్లు. ఒకటి ఒడియాలో, జిల్లావాళ్ళకు చూపించడానికి. రెండోది తెలుగులో, మాకోసం. సెక్రటరీ బాబు ఒడియా పుస్తకంలో "ప్రాథమికత: లీగ్" అని రాశాడు. తెలుగు పుస్తకంలో "ప్రాధాన్యం: కప్పు" అని రాశాడు. రెండింటి కిందా ఏడుగురం సంతకాలు పెట్టాం. ఇంత ఏకగ్రీవమైన తీర్మానం మా క్లబ్బు చరిత్రలో లేదు.

ఆదివారం అసలు జట్టు ఎనిమిది జతల బూట్లతో పొద్దున్నే కొండ బస్సెక్కింది. లీగ్‌కి మిగిలింది ఆరుగురు జూనియర్లు, ఒక స్కూటర్ మెకానిక్, ట్రెజరరు, పీఈటీగారు, ప్రెసిడెంటుగారి అల్లుడు, నలభై ఏడేళ్ళ నేను. బ్యాక్ ఆడమన్నారు. ఎడమకాలి జత నాకే వచ్చింది. కుడిపాదం బొటనవేలు తప్పు పక్కకి తిరిగి, అడుగు వేసినప్పుడల్లా నేను గీత బయటికి పోతున్నాను.

మూడయింది. అవతలి జట్టు రాలేదు. మూడుంపావు అయింది. రిఫరీ టీ తాగాడు. అవతలివాళ్ళ గోల్‌పోస్టు దగ్గర ఆవు మేస్తోంది, దాన్ని తోలే ఓపిక కూడా ఎవరికీ లేదు. చివరికి ఈల ఊది మాకు వాకోవర్ ఇచ్చాడు. మూడు పాయింట్లు, బంతిని ఒక్కసారీ తన్నకుండా. మా క్లబ్బులో డిఫెన్సు ఇంత గట్టిగా ఆడింది ఎప్పుడూ లేదని ట్రెజరరు నా భుజం తట్టాడు.

ఐదున్నరకు కొండ మీంచి ఫోనొచ్చింది. మావాళ్ళు సెమీఫైనల్లో 2-0తో ఓడారు. ఓడించింది ఎవరయ్యా అంటే, ఇక్కడికి రావాల్సిన జట్టే. వాళ్ళు కూడా ప్రాధాన్యం నిర్ణయించుకున్నారు. మాకులా పిల్లల్ని కూడా పంపకుండా.

సాయంత్రం మళ్ళీ బల్ల దగ్గర కలిశాం. సెక్రటరీ బాబు ముందు ఒడియా పుస్తకం తీసి "ఫలితం: విజయం" అని గుండ్రంగా రాశాడు. తర్వాత తెలుగు పుస్తకం తీశాడు. మేమంతా చూస్తున్నాం. "ప్రాధాన్యం: కప్పు" అన్న మాట పక్కన "కాదు" అని చేర్చాడు. ట్రెజరరు అప్పటికే అక్కడ బస్సు ఖర్చు వేసేసి ఉండటంతో ఆ ఒక్క మాటా కాస్త ఇరుగ్గా పడింది.