ప్లాటు నంబరు 47, ఈశాన్య మూల హద్దురాయికి బహిరంగ లేఖ

అన్నా,

నిన్న సాయంత్రం బండి ఆపి నిన్ను చూసే వచ్చాను కాబట్టి కుశల ప్రశ్నలు వేయను. ఒంటికి సున్నం, తలకు ఎర్ర పెయింటు, దాని మీద కాస్త వంకరగా 47. ఎవరో నీకు బర్రెను కట్టేసి పోయారు. పక్కనే పేడ. పేడతో నాకు పేచీ లేదు, 'పల్లె వాతావరణం' అని బ్రోచర్‌లో రాయించింది నేనే కదా. పేచీ నీతోనే. ఈ వెంచర్‌లో నోరున్న వాళ్ళందరూ నేను చెప్పమన్నదే చెబుతుంటే, నోరు లేని నువ్వొక్కడివే ఎదురు మాట్లాడుతున్నావు.

వరంగల్ చుట్టుపక్కల మధ్యవర్తిగా బతికేవాడికి ఏడాదంటే పన్నెండు నెలలు కాదు. ఈసారి శుక్రమూఢం పోయేసరికే ఫిబ్రవరి సగం దాటింది. మూఢంలో బయానా (అడ్వాన్సు) అడిగితే జేబులోకి పోయిన చెయ్యి జేబులోనే ఉండిపోతుంది. మే నడుమ అధిక జ్యేష్ఠం వచ్చి కూర్చుంటుంది. అది దాటితే వానలు. వానలొస్తే నీ సంగతేంటో, నా సంగతేంటో మనిద్దరికీ తెలుసు. మోదుగుపూలు పూసిన నాటి నుంచి మామిడికాయ తొక్కు జాడీకెక్కేదాకా ఉన్న ఈ కాస్త ఎండలోనే మేం ఏడాది తిండి సంపాదించుకోవాలి. కాముని పున్నమి నాడు కూడా పొద్దున రంగులు చల్లుకుని, మధ్యాహ్నానికి చెవుల్లో గులాబీ రంగుతోనే పార్టీని, అంటే కొనేవాణ్ణి, కారెక్కించాం.

పొద్దున లేవగానే నేను చూసేది రాశిఫలం కాదు, ఎనుమాముల యార్డులో మిర్చి ధర. తేజ రకం నాలుగు పైసలు ఎక్కువ పలికిందంటే నర్సంపేట, పరకాల దిక్కు ఫోన్లు మోగించాల్సిందే. ఆ పైసలు పాత అప్పు కింద జమ కాకముందే బిడ్డ పేరు మీద రెండు వందల గజాలు రాయించాలి. ధర పడిందా, ఆ రోజు మా బ్యాచంతా హన్మకొండ చౌరస్తాలో చాయ్ మీద చాయ్ తాగుతూ దేశ ఆర్థిక వ్యవస్థను చక్కదిద్దుతాం. బ్యాచంటే తక్కువనుకోకు. ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పిన సారు, ఇన్సూరెన్సు ఏజెంటు, ఆర్‌ఎంపీ డాక్టరు, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు, మాజీ వార్డు మెంబరు. అందరికీ ఒకటే యూనిఫాం: తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, రెండు ఫోన్లు. ఒక్క ప్లాటుకు అయిదుగురం మధ్యవర్తులం. రెండు శాతం కమీషన్ అయిదుగురం పంచుకున్నాక మిగిలేది పెట్రోలుకూ సమోసాకూ. అయినా పార్టీ ముందు ఒకరినొకరం 'ఓనర్‌కు సొంత తమ్ముని లెక్క' అని పరిచయం చేసుకుంటాం.

రిటైరైన సార్ల మీద ఆశ ఉండేది. మార్చి 31న దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపితే, ఏప్రిల్ ఒకటిన మేం వాళ్ళ గేటు దగ్గర ఉండేవాళ్ళం. 2021లో రిటైర్మెంటు వయసు 61కి పెంచాక మూడేళ్ళు ఆ గేట్లు తెరుచుకోలేదు. 2024 మార్చి నుంచి మళ్ళీ దండలు పడుతున్నాయి గానీ బెనిఫిట్స్ ఏవని అడిగితే 'ముందు గవర్నమెంటోళ్ళతోని నాకు పైసలిప్పియ్, నీకు పుణ్యముంటది' అంటున్నారు.

ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా నడుస్తుంది కదా, ఆ రోడ్డంతా మా ఫ్లెక్సీలే. బోనమెత్తుకున్న తల్లుల తలల మీదుగా 'కొన్ని ప్లాట్లు మాత్రమే' అని కనబడుతుంటుంది. 'కొన్ని ప్లాట్లు మాత్రమే అమ్ముడుపోయాయి' అన్నది పూర్తి వాక్యం, చోటు చాలక సగమే వేయించాం. ఉగాదికి కొత్తది కొట్టించబోతే ప్రింటింగ్ కుర్రాడు 'శ్రీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు' అని పెద్దక్షరాల్లో టైపు చేసి చూపించాడు. సంవత్సరం పేరు తీసేయించి ఆ చోట విమానం బొమ్మ పెట్టించాను.

ఆ విమానం గురించి నీకు తెలియాలి, ఎందుకంటే నీ రేటు దాని మీదే ఆధారపడి ఉంది. మామునూరు ఎయిర్‌పోర్టు నిజాం కాలంలో, 1930లో కట్టింది. 1981 దాకా నడిచింది. మళ్ళీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. మనకు అనుమతి చాలు, విమానం అక్కర్లేదు. అది దిగేలోపు దాని పేరు చెప్పి మనం ఎంత ఎత్తుకైనా ఎగరొచ్చు. గీసుగొండ దిక్కు ఇష్టపడే పార్టీకి 2017లో శంకుస్థాపన జరిగిన టెక్స్‌టైల్ పార్కు చెబుతాను. కాజీపేట దిక్కు అయితే 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే ఫ్యాక్టరీ. ఏ దిక్కూ కుదరకపోతే ఔటర్ రింగ్ రోడ్డు ఉండనే ఉంది, మనం ఎక్కడ నిలబడితే అక్కడ పక్కనే. నువ్వు వీటన్నిటికీ పది నిమిషాల దూరంలో ఉన్నావు. ఆ పది నిమిషాలు అర్ధరాత్రి, ఎదురుగా లారీ లేనప్పటి లెక్క.

వెంచర్ ముందు కాకతీయ తోరణం ఎందుకని నువ్వు అనుకోవచ్చు. అది లేకపోతే ఓరుగల్లులో ప్లాటు కదలదు. ఖిల్లాలో గుడి కూలిపోయి చుట్టూ తోరణాలు మిగిలాయి. మా దగ్గర ముందు తోరణం లేస్తుంది, వెనకాల ఊరు ఎప్పుడు లేస్తుందో ఆ మల్లన్నకే ఎరుక. మనది సిమెంటుది. పైన హంసల్ని చెక్కమంటే మేస్త్రీ బాతుల్ని చేసిపెట్టాడు, అయినా సెల్ఫీలకు బాగానే ఉంది. లాంచ్ రోజు ఆ తోరణం కిందే షామియానా వేసి బగారన్నం, కోడికూర పెట్టించాం. రెండోసారి కూర వేయించుకున్నవాళ్ళే గానీ రెండోసారి రేటు అడిగినవాళ్ళు లేరు. లక్కీ డ్రాలో బంగారు నాణెం పెట్టాం. అదృష్టం కొద్దీ అది ఓనర్ బామ్మర్దికే తగిలింది.

నీ పాత యజమాని గుర్తున్నాడా? ఎకరాలూ గుంటలూ తప్ప ఆయనకు వేరే కొలత రాదు. గుంటంటే 121 గజాలు, ఎకరమంటే 4,840 గజాలు. మా చదువంతా ఇంతే: ఎకరాల్లో కొను, గజాల్లో అమ్ము. రోడ్లకూ పార్కుకూ పోయిన జాగాను మిగిలిన గజాల మీద వేసెయ్. మొన్న ఆయన మేకల్ని తోలుకుంటూ ఇటొస్తే నీ మూల రేటు చెప్పాను. బీడీ చేతిలోనే ఆరిపోయింది. 'నువ్ చెప్పేది ఎకరానికా, గజానికా?' అని అడిగి, జవాబు విన్నాక మళ్ళీ అదే అడిగాడు.

కాగితాల గురించి అడిగే పార్టీలు ఈమధ్య ఎక్కువయ్యాయి. లింకు డాక్యుమెంట్లంటారు, భూమి మీద అప్పులూ అమ్మకాలూ చూపే ఈసీ అంటారు, సాగుభూమిని ఇళ్ళ జాగాగా మార్చే నాలా కన్వర్షన్ అయిందా అంటారు, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ చూపించమంటారు. మా ప్లాట్ల వ్యాపారాన్ని అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టం ఒకటుంది. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా నమోదు చేయించాలట. నంబరు రాకముందు ప్రకటన ఇవ్వకూడదట, బుకింగ్ తీసుకోకూడదట. ఏజెంటు కూడా రిజిస్టర్ కావాలట. చట్టమంటే నాకు గౌరవం. అందుకే నేను బుకింగ్ తీసుకోను, 'ప్రీ లాంచ్'లో అభిమానంతో ఇచ్చిన చేబదులు తీసుకుంటాను. ఎల్‌ఆర్‌ఎస్, అదే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ, అడిగితే ఇంకా తేలిక. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్న జనానికి 2025 మార్చిలో 25 శాతం రాయితీ అన్నారు, 31 చివరి తేదీ అన్నారు, తర్వాత పొడిగించారు. చివరి తేదీ ఎలా ఉండాలో మేం అక్కడే నేర్చుకున్నాం. మన ఉగాది ఆఫర్ శ్రీరామనవమికి ఉంటుంది, మేడేకీ ఉంటుంది.

ఇంత కష్టపడి ఇన్ని నిలబెడితే నువ్వేం చేస్తున్నావు?

నీ నడుం దగ్గర ఒక గీత ఉంది. ఆకుపచ్చ ఎండి నల్లబడిన నాచు గీత. దాని కింద రాయి రంగు ఒకటి, పైన ఇంకొకటి. వెంచర్‌లో ఇన్ని రాళ్ళుండగా చెరువు దిక్కున్న మీ వరుసకే ఆ గీత. నీకు నడుం దాకా, 48కి మోకాలు దాకా, 50 దగ్గర చీలమండకు దిగి, 52కి వచ్చేసరికి లేదు. వరుసగా చూసుకుంటూ పోయినవాడికి నేల ఎటు వాలిందో, నీళ్ళు ఎంతెత్తు నిలబడ్డాయో చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఇరిగేషన్ వాళ్ళ ఎఫ్‌టీఎల్ మ్యాపు లేకుండానే తెలిసిపోతుంది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మార్చి ఎండకు పొరలు లేస్తుంది. పొర ఊడిన చోటల్లా నువ్వు మళ్ళీ చెప్పడం మొదలుపెడతావు.

పోయిన ఆదివారం వచ్చిన కుటుంబం సంగతి చూడు. ఆయనకు సింగరేణిలో ఉద్యోగం, భూపాలపల్లి. భార్యకు ఈస్ట్ ఫేసింగ్ నచ్చింది. ఈశాన్యం ఎంత చక్కగా పెరిగిందో నేను చెయ్యి చాపి చూపిస్తుంటే పిల్లవాడు గుప్పిట నిండా ఏవో ఏరుకొచ్చి తండ్రి ముందు విప్పాడు. నత్తగుల్లలు. తెల్లగా ఎండిపోయి గలగలమంటున్నాయి. 'నాన్నా, ఇక్కడ మస్తున్నయ్!' నేను వెంటనే 'నేలలో జీవముంది సార్, మొక్క పెడితే చాలు' అన్నాను. ఆయన తలూపాడు. అక్కడితో గండం గడిచిందనుకున్నాను. వాళ్ళతో వచ్చిన ముసలమ్మ మాత్రం ఏమీ అనకుండా వంగి, నీ మొదట్లో మొలిచిన గడ్డి ఒకటి వేరుతో సహా పీకింది. చివర నల్లటి గడ్డ. వేళ్ళతో నలిపి వాసన చూసింది.

'ఇది తుంగ గదా బిడ్డా.'

'లాన్ వేస్తున్నం అమ్మా.'

'లానో గీనో నాకెరుక లేదు. నీళ్ళు నిల్సే కాడ మొల్సేది ఇది. ఏ చెర్వు శిఖం ఇది?'

శిఖం అంటే చెరువు నీళ్ళు నిలిచే నేల. ఆ మాట చెవిన పడగానే ఓనర్‌కు సొంత తమ్ముని లెక్క అయిన మా ఫొటోగ్రాఫరు రాని ఫోన్ ఎత్తి మాట్లాడుకుంటూ తోరణం దాకా నడిచిపోయాడు. పార్టీ కూడా 'ఇంట్ల మాట్లాడుకుని చెప్తం' అని కారెక్కింది. ఆ మాటకు అర్థం నీకైనా తెలుసు.

నాకు కోపం ముసలమ్మ మీద లేదు. ఆమె కాలం వేరు. కాకతీయుల నాటి నుంచి ఇక్కడంతా గొలుసుకట్టు చెరువులే, ఒకటి నిండితే మత్తడి దూకి కిందిదానిలోకి. ఎండాకాలంలో ఆ గొలుసు కనబడదు, మా అదృష్టం అదే. ఫిబ్రవరికి శిఖం పగుళ్ళు తేలుతుంది. మార్చికి దాని మీద డోజర్ తిరుగుతుంది. ఏప్రిల్‌కు నువ్వు మొలుస్తావు. నీళ్ళు తిరిగొచ్చేది జూలైలో. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి, ఏడున్నర శాతం సర్కారుకూ రెండు శాతం మాకూ చేరి ఉంటుంది. 2023 జూలైలో హంటర్ రోడ్డు కాలనీల్లోకి జనాన్ని తీసుకురావడానికి పడవలు పోయాయి. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు మళ్ళీ కాలనీలు మునిగాయి. రెండుసార్లూ నేను పార్టీలకు ఒకటే చెప్పాను: 'సిటీలో ఇదే టెన్షన్ సార్, అందుకే బయట కొనుక్కోండి.'

మా వాళ్ళ చూపు ఎంత దూరం పోతుందో ఒక ముచ్చట చెప్తా విను. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు ఖాళీ చేశారు. కట్ట మీద జనమంతా అయ్యో చేపలు, అయ్యో కొంగలు అంటుంటే మా లెక్కల సారు కళ్ళు సగం మూసి పెదాలు కదుపుతున్నాడు. అమ్మవారి స్తోత్రమేమో అనుకున్నా. 'ఉండు తమ్మీ, గజాలల్లకు మారుస్తున్న' అన్నాడు.

కాబట్టి ఈ ఆదివారానికి నువ్వు చేయాల్సింది చెబుతాను. పార్టీ డల్లాస్‌లో ఉంటాడు, వీడియో కాల్‌లో చూస్తాడట. ముసలోళ్ళెవరూ రావడం లేదని ముందే కనుక్కున్నాను. శనివారం రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు గడ్డపారలతో వస్తారు. నిన్ను పీకి తోరణం పక్కన మిట్ట మీద పాతుతారు. ఈసారి సున్నం కాదు, ఆయిల్ పెయింటే, రెండు పూతలు. నంబరు అదే ఉంటుంది. ప్లాటు ఉన్న చోటే ఉంటుంది, నువ్వు మాత్రం వీడియో అయ్యేదాకా పైన నిలబడి, రిజిస్ట్రేషన్ నాటికి కిందికి దిగిపో. కుర్రాళ్ళకు కూలీ తక్కువ ఒప్పుకున్నాను, ఎక్కువ లోతుకు దిగి కూర్చోకు.

ఇట్లు,
నీ మధ్యవర్తి
రెరా నంబరు: త్వరలో