పాలకు వెన్న చూస్తాం, అశ్వగంధకు కిలోలేనా?

నల్లగొండ బత్తాయి రైతుకు హార్మోన్ల పాఠం చెప్పనక్కర్లేదు. పూత కావాలంటే తోటకు నీళ్లు ఆపేస్తాడు. ఆకు వడలి కొంత రాలేదాకా ఆగి, అప్పుడు తడి పెడతాడు. బెట్టకొచ్చిన చెట్టు ఒంట్లో హార్మోన్ల లెక్క మారి, గుప్పున పూస్తుంది. మామిడికి కల్తార్ పోసేదీ, పత్తికి ప్లానోఫిక్స్ కొట్టేదీ ఆ లెక్కను మార్చడానికే.

మూలికల సంగతీ అంతే. పురుగు ఆకు కొరికితే మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోన్ ఊరుతుంది. దీని చుట్టమైన మిథైల్ జాస్మోనేట్‌ను 1962లో జాజి నూనెలో గుర్తించారు, పేరూ అక్కడిదే. ఈ ఆమ్లం ఊరగానే, రక్షణ జన్యువులకు కళ్లెం వేసి ఉంచిన ప్రొటీన్లను మొక్క విరగ్గొట్టేస్తుంది. చేదు, ఘాటు పదార్థాలు తయారవుతాయి. పురుగుకు విషం, మనకు మందు. ల్యాబులో పెంచిన అశ్వగంధ వేర్లకు మిథైల్ జాస్మోనేట్ ఇస్తే వితనోలైడ్లు, అంటే అశ్వగంధకు మందుగుణమిచ్చే పదార్థాలు, పెరిగాయి. క్యాన్సర్ మందు టాక్సాల్ ఇచ్చే యూ చెట్టు కణాల్లోనూ అంతే.

దీన్నే చేలో పిచికారీ చేద్దామంటే, మూలికల మీద కూడా మందు కొడతారా అని కొందరి అభ్యంతరం. చేలో ఎంత మోతాదు, అవశేషాలు ఎంత అన్నది తేల్చాల్సిందే. కానీ జాస్మోనేట్ మొక్క తానే చేసుకునే పదార్థం.

అసలు చిక్కు వేరే ఉంది. రక్షణకు ఖర్చుపెట్టిన మొక్క ఎదుగుదలలో వెనకబడుతుంది. వేరులో సత్తువ పెరిగి, బస్తా తేలికవ్వచ్చు. కొనేవాడు వేరు లావు, రంగు చూసి కాటా వేస్తాడు. అప్పుడు పిచికారీ చేసిన రైతే మునుగుతాడు!

పొద్దున్నే మా ఊరి పాలకేంద్రానికి రండి. క్యాన్‌లోంచి కాసిన్ని పాలు తీసి మిషన్‌లో పెడతారు, వెన్న శాతం చీటీ మీద పడుతుంది. అర లీటరు పోసిన ముసలమ్మ కూడా "ఇయ్యాల ఎంతొచ్చింది బిడ్డా" అని అడిగి, చీటీ కొంగున ముడేసుకుంటుంది. పత్తి దగ్గరా మిషన్ ఉంది. తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే వెనక్కి పంపుతారు. పాలమూరు రైతు పంటకు ధర కోసే మిషన్లకు ఎప్పుడూ కొరత లేదు. కలిపే మిషన్ ఏదీ? వితనోలైడ్ శాతం కంపెనీ డబ్బా మీద అచ్చవుతుంది, రైతు చీటీ మీద మాత్రం కిలోలే.

ప్రతి యార్డులో ల్యాబు పెట్టమనడం లేదు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. బస్తాకు పిడికెడు వేరు సీలేసి అలాంటి చోటికి పంపండి. సగం డబ్బు కాటా దగ్గర, మిగతాది శాతం తేలాక ఇవ్వండి. ఆ తర్వాత చెలక రైతుకు జాస్మోనేట్ గురించి చెప్పండి, వింటాడు.