ఆరు రోజుల మలేసియా: అడవి కోసం ఎనిమిది గంటలు వ్యాన్‌లో కూర్చోవాలా?

ఆరు రోజుల సెలవు దొరికింది. కౌలాలంపూర్ చూడాలి, బీచ్‌లో కూర్చోవాలి, దీవులు తిరగాలి, వర్షారణ్యంలో నడవాలి. అన్నీ కుదురుతాయా? మలేసియాకు బయల్దేరే బంధువులు, స్నేహితులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. కుదురుతాయి. కానీ నాలుగు కోరికలకు నాలుగు ఊళ్లు, నాలుగు హోటళ్లు అనుకున్నారో, సెలవంతా పెట్టెలు సర్దడానికే సరిపోతుంది.

మొదటిసారి మేం వెళ్లింది అలాగే. ఓ ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో కౌలాలంపూర్, తమన్ నెగారా, పెనాంగ్, లంకావి, నాలుగూ ఉన్నాయి. కాగితం మీద ఎంతో ముచ్చటగా కనిపించింది. తీరా వెళ్లాక రోజూ పొద్దున్నే లేవడం, సర్దుకోవడం, లాబీలో వ్యాన్ కోసం ఎదురుచూడడం. నాలుగో రోజు మా అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుని, "మనం దేశం చూడ్డానికొచ్చామా, రోడ్లు చూడ్డానికొచ్చామా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఎవరికి ప్లాన్ వేసిచ్చినా ముందుగా లెక్కపెట్టేది ఎన్ని చోట్లు చూస్తారని కాదు, ఎన్నిసార్లు పెట్టె మూయాల్సి వస్తుందని.

ప్లాన్‌ను ఎక్కువగా దెబ్బతీసేది అడవే. మలేసియా వర్షారణ్యం అనగానే అందరూ తమన్ నెగారా పేరే చెబుతారు. నిజంగానే అది గొప్ప అడవి. 4,343 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 13 కోట్ల ఏళ్ల నాటిదని చెబుతారు. కానీ కౌలాలంపూర్ నుంచి జెరాంతుత్ మీదుగా కౌలా తహాన్ చేరడానికి రోడ్డు మీద దాదాపు నాలుగు గంటలు. రానూ పోనూ ఎనిమిది. అక్కడ ఒక్క రాత్రి ఉండి, చెట్ల మధ్య వేలాడే వంతెన ఎక్కి, ఫొటో తీసుకుని వెనక్కి వస్తే ఆ అడవిని చూసినట్టు కాదు. దానికి విడిగా నాలుగు రోజులు ఇవ్వాలి. ఆరు రోజుల ట్రిప్పులో మాత్రం దాన్ని పక్కన పెట్టమనే నా సలహా.

అలాగని అడవిని వదులుకోనక్కర్లేదు. లంకావిలో అడవి బీచ్ దాకా వస్తుంది. ఇది 99 దీవుల సమూహం. 2007 నుంచీ యునెస్కో జియోపార్క్, అంటే భూగర్భ విశేషాలున్న చోటుగా గుర్తింపు. ప్రధాన దీవి మధ్యలో 881 మీటర్ల గునుంగ్ రాయా కొండ, వాయవ్యాన మచించాంగ్ కొండలు, రెండింటి మీదా దట్టమైన వర్షారణ్యం. మచించాంగ్ రాళ్ల వయసు సుమారు 55 కోట్ల ఏళ్లు. కేబుల్ కారెక్కి పైనుంచి చూస్తే ఒకవైపు చెట్ల పచ్చదనం, ఇంకోవైపు సముద్రం. గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు కాబట్టి దాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి.

మా రెండో ప్రయాణంలో గునుంగ్ రాయా రోడ్డు పక్కన కారు ఆపాం. పది అడుగుల ఎత్తున కొమ్మ మీద ఓ కొండముచ్చు జాతి కోతి కూర్చుని ఆకులు తుంచి తింటోంది. ఒళ్లంతా బూడిద రంగు, కళ్ల చుట్టూ అద్దాలు పెట్టుకున్నట్టు తెల్లటి వలయాలు. దాని పొట్టకు కరుచుకున్న పిల్ల మాత్రం మేలిమి నారింజ రంగులో ఉంది. ఆ జాతి పిల్లలు ఆ రంగులోనే పుడతాయి, నెలలు గడిచేకొద్దీ బూడిద రంగుకు మారతాయి. మా అమ్మ ఇరవై నిమిషాలు కదల్లేదు. వెళ్దామని తొందరపెట్టే వ్యాన్ ఈసారి లేదు.

లంకావి పేరు అక్కడి గద్ద వల్ల వచ్చిందంటారు. మనం గరుడ పక్షి అని దణ్ణం పెట్టుకుంటామే, తెల్లటి మెడ, ఇటుక రంగు రెక్కలు, అదే పక్షి. కిలిమ్ మడ అడవుల్లో పడవ షికారు చేస్తే తల మీదే తిరుగుతుంటాయి. కొందరు పడవవాళ్లు కోడి వ్యర్థాలు నీళ్లలోకి విసిరి వాటిని దగ్గరికి రప్పిస్తారు. వేటాడే పక్షిని ఇలా తిండికి అలవాటు చేయడం దానికి మంచిది కాదు. ఎక్కేముందే "గద్దలకు మేత వేయొద్దు" అని గట్టిగా చెప్పండి. అడిగే వాళ్లుంటేనే పద్ధతి మారుతుంది.

ఇక నెలల సంగతి. మలేసియా అంతటా ఒకే వాతావరణం అనుకుని టికెట్లు కొని నష్టపోయేవాళ్లు చాలామంది. మన నెల్లూరు, తిరుపతి వైపు నవంబరులో వానలు కురిపించే ఈశాన్య రుతుపవనాలే అక్కడ తూర్పు తీరాన్ని ఫిబ్రవరి దాకా ఊపేస్తాయి. ఆ కాలంలో పెర్హెంతియన్, రెడాంగ్, తియోమన్ దీవుల్లో చాలా రిసార్టులు మూసేస్తారు. పడవలు కూడా సరిగా తిరగవు. లంకావి పడమటి తీరంలో ఉంది, మధ్యలో కొండలు అడ్డు. అందుకే డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఎండ బాగా కాస్తుంది. అంటే సంక్రాంతి సెలవులకు లంకావి.

పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లేట్టయితే నేను పెర్హెంతియన్ వైపే మొగ్గుతాను. కోటా బారు దాకా విమానం, అక్కడి నుంచి కౌలా బెసుత్ రేవుకు టాక్సీ, ఆపై స్పీడ్ బోటు. శ్రమ కాస్త ఎక్కువే. కానీ పగడాలు, తాబేళ్లు చూడాలంటే నీళ్లు తేటగా ఉండేది అక్కడే. లంకావి బీచ్‌లు అందమైనవే కానీ నీళ్లు మసకగా ఉంటాయి, స్నార్కెలింగ్ ఆశతో వెళ్తే నిరాశే. పెర్హెంతియన్ దీవుల్లోనూ అడవి ఉంది, కోతులూ ఉన్నాయి. దసరా సెలవులే చిక్కు. సెప్టెంబరు, అక్టోబరుల్లో లంకావిలో వానలు ఎక్కువ.

వరుస విషయంలో నాది గట్టి అభిప్రాయం: ముందు దీవి, తర్వాతే నగరం. హైదరాబాద్ నుంచి రాత్రి విమానం ఎక్కితే కౌలాలంపూర్‌లో తెల్లారుతుంది. నిద్ర ఉండదు, హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. ఆ పూట నగరంలో ఈడ్చుకుంటూ తిరగడం కంటే, అదే ఎయిర్‌పోర్టులో లంకావి విమానం ఎక్కితే గంటలో దీవిలో ఉంటారు. రెండు విమానాల మధ్య కనీసం మూడున్నర గంటల తేడా ఉంచుకోండి. చివర్లో దీవి పెట్టుకుంటే, గాలివానకు పడవో విమానమో ఆగిన రోజున ఇంటికొచ్చే విమానం కూడా పోతుందన్న టెన్షన్. నగరం చివర ఉంటే ఆ బాధ లేదు. కాబట్టి దీవిలో మూడు రాత్రులు, కౌలాలంపూర్‌లో రెండు. పెట్టె మూయాల్సింది రెండుసార్లే.

వీసా గురించి ఒక్క మాట. భారతీయులు 30 రోజుల వరకు వీసా లేకుండా వెళ్లే వెసులుబాటు 2023 డిసెంబరు 1న మొదలైంది, 2026 డిసెంబరు 31 వరకు ఉంది. బయల్దేరే మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం ఆన్‌లైన్‌లో నింపాలి.

భోజనంలో శాకాహారులకు ఒక జాగ్రత్త. కంగ్కుంగ్ పేరుతో వచ్చేది మన తూటికూరే. చూడ్డానికి ఆకుకూర వేపుడులా ఉంటుంది కానీ, చాలాచోట్ల బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేసి వండుతారు. బెలచాన్ వద్దని ముందే చెప్పండి.

నగరంలో రెండు రోజులకు జంట టవర్లు, బతు గుహల 272 మెట్లు ఎలాగూ ఉంటాయి. చాలామంది వదిలేసేది బుకిట్ నానాస్. కేఎల్ (కౌలాలంపూర్) టవర్ కింద ఉన్న చిన్న అడవి అది, 1906లోనే రిజర్వు అడవిగా ప్రకటించారు. తొమ్మిది హెక్టార్లకు కాస్త ఎక్కువ, అంతే. పొద్దున్నే వెళ్తే కీచురాళ్ల మోతలో ట్రాఫిక్ హోరు దాదాపు వినిపించదు. ఊరికొచ్చే రోజు మా అమ్మను అక్కడికే తీసుకెళ్లాను. చెట్ల మధ్య కట్టిన వంతెన మీద నిలబడి, కొమ్మల సందుల్లోంచి కనిపించే అద్దాల భవనాల వైపు కాకుండా, పైన ఎక్కడైనా ఆ నారింజ రంగు పిల్ల ఉందేమోనని వెతుకుతూ ఉండిపోయింది.